ఇంటి చాకిరీ, చెత్త ఎత్తే పని కూడా ఆర్ట్ ఎలా అవుతాయి?

కొందరు ఆర్టిస్టులు రోజూ చేసే పనుల్ని, చుట్టూ ఉన్న జనాన్ని పెట్టి అదే ఆర్ట్ అంటారు, మరి ఇందులో ఆర్టిస్ట్ చేసిందేంటి అని చాలామందికి డౌటు వస్తుంది. నాకు ఇది అర్థమైంది ఒక ఎగ్జిబిషన్ చూశాక. 2016 చివర్లో న్యూయార్క్ క్వీన్స్ మ్యూజియంలో మియర్ల్ లాడర్మన్ యూకలీస్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి చేసిన పనంతా ఒకచోట పెట్టారు, అప్పుడు మేం క్వీన్స్‌లోనే ఉండేవాళ్ళం, మా పాప ఇంకా చంటిపిల్ల, వీసా వల్ల నాకు ఉద్యోగం చేసే వీల్లేదు, తెల్లారి లేస్తే పాలసీసాలు, డైపర్లు, అంట్లు, మళ్ళీ పాలసీసాలు.

ఆవిడదీ ఇదే పరిస్థితి. పిల్ల పుట్టాక ఆర్ట్‌కి టైమే లేకుండా పోయింది. 1969లో కోపంగా ఒక మేనిఫెస్టో, అంటే తన ఆర్ట్ ఎలా ఉంటుందో చెప్పే ప్రకటన, రాసింది, నేను వండేది, కడిగేది, తుడిచేది అన్నీ ఇకనుంచి ఆర్ట్‌గానే చేసి చూపిస్తానని. విప్లవం అయ్యాక సోమవారం పొద్దున చెత్త ఎవరెత్తుతారు అని అందులోనే అడిగింది. చెప్పినట్టే 1973లో అమెరికాలోనే హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఒక మ్యూజియం మెట్లు, లోపల నేల గంటలకొద్దీ తనే కడిగింది.

నన్ను కదలనివ్వకుండా నిలబెట్టేసింది మాత్రం 1976 నాటి పని. న్యూయార్క్‌లోని మాన్‌హాటన్‌లో ఒక పెద్ద ఆఫీసు బిల్డింగ్, విట్నీ అనే ఆర్ట్ మ్యూజియం బ్రాంచి ఒకటి అందులోనే ఉండేది, ఆ బిల్డింగ్‌లో తుడిచేవాళ్ళు, లిఫ్టులు చూసేవాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు అందరూ కలిపి 300 మంది. రోజూ మీ డ్యూటీలో ఒక గంట ఆర్ట్ అనుకుని చేయండి అని వాళ్ళని అడిగింది. అప్పటికప్పుడే ప్రింటయి బయటికొచ్చే పోలరాయిడ్ ఫోటో తీసి వాళ్ళకే చూపించి ఇది పనా, ఆర్టా అని అడిగేది, వాళ్ళేమంటే అదే రాసేది. గోడ నిండా వందల చిన్న చిన్న ఫోటోలు, కొన్నిటి మీద పని అని, కొన్నిటి మీద ఆర్ట్ అని. ఆ నిర్ణయం ఆవిడ తన దగ్గర పెట్టుకోలేదు, పని చేసేవాళ్ళ చేతికే ఇచ్చేసింది, నా దృష్టిలో ఆర్ట్‌లో జనం పాల్గొనడమంటే అదీ.

తర్వాత న్యూయార్క్ సిటీ శానిటేషన్ డిపార్ట్‌మెంట్‌లో జీతం లేని ఆర్టిస్ట్‌గా చేరింది. 1979 జులై నుంచి 1980 జూన్ దాకా ఊళ్ళో ఉన్న 8,500 మంది చెత్త ఎత్తే కార్మికుల దగ్గరికీ వెళ్ళింది, పొద్దుటి హాజరు టైముకి గ్యారేజీకి పోవడం, రాత్రి షిఫ్టుల్లో తిరగడం, ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి న్యూయార్క్‌ని బతికిస్తున్నందుకు థాంక్స్ అని చెప్పడం, వాళ్ళు చెప్పేది వినడం. ఆ కార్మికుల్లో ఒకాయన చెప్పాడట, ఎండలో అలిసిపోయి ఒకింటి వరండా మెట్ల మీద కూర్చుంటే ఆ ఇంటావిడ కంపు కొడుతున్నారు లెగండి అని తరిమేసిందని, ఆ మాట 17 ఏళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉందని. యూకలీస్ ఆ మాట మర్చిపోలేదు. 1984లో ఒక ఆర్ట్ గ్యాలరీ దగ్గర ఆ వరండానే మళ్ళీ కట్టించి, వాళ్ళని జనం అనే తిట్లన్నీ అద్దాల మీద రాయించి, రకరకాల వాళ్ళని పిలిచి ఆ తిట్లని కడిగించింది. ఆ కథ చదివేటప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మన వీధిలో చెత్తబండి ఆవిడకి మంచినీళ్ళు ఇవ్వడానికి వేరే గ్లాసు పెట్టే ఇళ్ళు నాకు తెలుసు కాబట్టి.

షేక్‌హ్యాండ్ ఇస్తే జీతం పెరుగుతుందా అని అడిగేవాళ్ళున్నారు. పెరగదు, నిజమే. కానీ ఆవిడ ఒక ఫోటో దిగి వెళ్ళిపోలేదు కదా, దశాబ్దాల పాటు ఆ డిపార్ట్‌మెంట్‌తోనే ఉండిపోయింది, 1983లో చెత్త లారీకి చుట్టూ అద్దాలు బిగించి ఊరేగింపులో నడిపించింది, రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళ మొహాలే ఆ లారీ మీద కనపడేలా.

కాబట్టి ఇలాంటి ఆర్ట్ ఎవరు చేసినా నేను ముందు చూసేది ఒకటే, అందులో ఉన్న జనానికి ‘ఇది ఆర్ట్ కాదు’ అని చెప్పే హక్కు ఉందా, వాళ్ళు చెప్పింది వాళ్ళు చెప్పినట్టే గోడ మీదకి వచ్చిందా అని. మీరు చూసిన ఇలాంటి ఆర్ట్‌లో అది ఉందో లేదో రాయండి, మాట్లాడుకుందాం.