రైలు కిటికీలోంచి డరమ్ కెథడ్రల్: ఏ వైపు, ఏ వేళ?

రైల్లోంచి డరమ్ కెథడ్రల్‌ని (ఉత్తర ఇంగ్లండ్‌లో డరమ్ ఊళ్లో ఉన్న పాత పెద్ద చర్చి) ఫోటో తీయడానికి కెమెరా కొనాలా అని అడిగారు. ఫోన్‌తోనే బాగా వస్తుంది, కొనక్కర్లేదు. లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్తున్నానన్నారు కదా, అయితే కుడివైపు కిటికీ పట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఎడమవైపు. డరమ్‌కి ముందొచ్చే డార్లింగ్టన్ స్టేషన్ దాటాక సిద్ధంగా ఉండండి. డరమ్ స్టేషన్‌కి కాస్త ముందు రైలు 1857 నాటి రాతి వంతెన ఎక్కుతుంది. ఇళ్ల కప్పులన్నీ కిందికి దిగిపోయి, వాటికి అవతల గుట్ట మీద కెథడ్రల్ మూడు టవర్లూ, దాని ఎడమ పక్కన కోటా కనబడతాయి. 1093లో కట్టడం మొదలుపెట్టిన గుడి అది.

నన్నడిగితే సీటు కన్నా వేళ ముఖ్యం. వంతెన కెథడ్రల్‌కి పడమటి వైపు ఉంది, కెథడ్రల్ ముఖం కూడా పడమరకే. పొద్దున వెళ్తే సూర్యుడు దాని వెనకాల ఉంటాడు, మీకు నల్లటి ఆకారమే మిగులుతుంది (మంచు పట్టిన రోజున అదీ బాగుంటుందనుకోండి). మధ్యాహ్నం దాటాక రాయి మీద ఎండ పడుతుంది. డరమ్‌లో ఆగే రైలు దొరికితే ఇంకా మంచిది, వంతెన మీద నెమ్మదిగా పోతుంది.

లోపలి లైట్ల ప్రతిబింబమే పెద్ద తలనొప్పి. ఫోన్‌ని గాజుకి ఆనించేసి, చుట్టూ ముదురు రంగు జాకెట్ అడ్డం పెట్టండి. గాజు అదురుతుంది, ఆనించొద్దు అని కొందరంటారు. పగటి వెలుతురులో ఆ అదురు ఫోటోలో తెలియదు, ప్రతిబింబం మాత్రం తప్పకుండా తెలుస్తుంది. మీ సీటు పక్కన కిటికీ సరిగ్గా లేకపోతే డబ్బా తలుపు దగ్గరికెళ్లి అక్కడి గాజులోంచి తీయండి, నేను ఎక్కువగా అదే చేస్తాను.

ముందే దూరంగా ఉన్నదేదైనా తాకి ఫోకస్ లాక్ చేసుకోండి. లేకపోతే ఫోన్ గాజు మీది వాన చుక్కల్ని పట్టుకుని కూర్చుంటుంది. వెలుతురు కొంచెం తగ్గించండి, ఆకాశం తెల్లగా పోకుండా. ఆ తర్వాత బర్స్ట్‌లో (వరసగా చకచకా ఫోటోలు తీసే పద్ధతి) తీస్తూనే పోండి, ఎందుకంటే కరెంటు తీగల స్తంభాలు మధ్యమధ్య అడ్డొస్తాయి. దగ్గరి స్తంభాలు ఫోటోలో వాలిపోయినట్టు వస్తే కంగారు పడకండి, ఫోన్ సెన్సర్ బొమ్మని ఒకేసారి కాక వరస వరసగా చదవడం వల్ల అలా అవుతుంది. దూరాన ఉన్న కెథడ్రల్ నిటారుగానే ఉంటుంది. వీడియో తీసి అందులోంచి ఫ్రేమ్ తీసుకుందామనుకోవద్దు, రాతి చెక్కడమంతా అలుక్కుపోతుంది.

మీ టికెట్ మధ్యలో దిగనిచ్చే రకమైతే (ముందే ఒక రైలుకి కొనుక్కునే అడ్వాన్స్ టికెట్ సాధారణంగా దిగనివ్వదు) స్టేషన్ పక్కనే వార్టన్ పార్క్ ఉంది. అక్కణ్ణుంచి ఇదే దృశ్యం గాజు అడ్డం లేకుండా దొరుకుతుంది.