గంధానికి ఆల్బమ్, మల్బరీకి ఆల్బా ఎందుకు?

ప్రశ్న: బోటనీ చదువుతున్నానండీ. గంధం చెట్టు సైంటిఫిక్ పేరు సాంటాలమ్ ఆల్బమ్, మల్బరీది మోరస్ ఆల్బా. రెండింట్లోనూ తెలుపు అనే అర్థమేనంట, మరి ఒకచోట అలా ఒకచోట ఇలా ఎందుకు? మోరస్ చివర అస్ ఉంది కాబట్టి ఆల్బస్ అనాలి కదా? ఫొటో ఆల్బమ్‌కీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: లాటిన్ మాట ఒక్కటేనండీ, పుంలింగం పక్కన ఆల్బస్, స్త్రీలింగం పక్కన ఆల్బా, నపుంసకం పక్కన ఆల్బమ్ అవుతుంది, అంతే. తెలుగులో తెల్ల ఆవైనా తెల్ల గుర్రమైనా 'తెల్ల' కదలదు కాబట్టి మనకి వింతగా ఉంటుంది గానీ శ్వేతః, శ్వేతా, శ్వేతం అని సంస్కృతం చదివినవాళ్ళకి ఇది పాత పాఠమే. సాంటాలమ్ నపుంసకం, అందుకే ఆల్బమ్. తిరకాసంతా మోరస్ దగ్గరే, చివర అస్ చూసి పుంలింగం అనుకుంటాం, కానీ లాటిన్‌లో చెట్ల పేర్లు చాలావరకు స్త్రీలింగాలు, వాటి చివర అస్ ఉన్నా సరే. ఓక్‌లో ఒక రకం క్వెర్కస్ ఆల్బా, పాప్లర్‌లో ఒకటి పాపులస్ ఆల్బా. ఈ నాలుగు పేర్లూ స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో అచ్చేసినవే.

ఇక ఫొటో ఆల్బమ్, సంబంధం ఉంది, బాగానే ఉంది. రోమ్‌లో ప్రీటర్ అనే న్యాయాధికారి ఉత్తర్వులు నలుగురూ చూసేలా రాసి పెట్టే తెల్ల పలకని ఆల్బమ్ అనేవాళ్ళు. తర్వాత 16వ శతాబ్దంలో జర్మనీ విద్యార్థులు ఫ్రెండ్స్ చేత సంతకాలు, నాలుగు మాటలు రాయించుకునే పుస్తకానికి ఆల్బమ్ అమికోరమ్ అని పేరు పెట్టుకున్నారు, ఫొటోలు వచ్చాక అవీ ఆ పేరు కిందకే చేరాయి. గుడ్డులో తెల్లసొనని ఆల్బుమెన్ అనేదీ ఇందులోంచే. ఇంకోటి, ఆల్బస్ అంటే మెరుపు లేని తెలుపు, తళతళలాడే తెలుపుకి లాటిన్‌లో కాండిడస్ అని వేరే మాట ఉంది, ఓట్లడిగే రోమన్లు సుద్దతో మెరిపించిన టోగా అనే పైవస్త్రం వేసుకు తిరిగేవాళ్ళు కాబట్టి క్యాండిడేట్ దాన్నుంచి వచ్చింది.

మీకు పనికొచ్చే సంగతి ఏంటంటే ప్రజాతి (జీనస్, అంటే పేరులో మొదటి మాట) మారితే ఈ చివరి అక్షరాలూ మారవచ్చు. పెద్ద తెల్లకొంగకి లినేయస్ పెట్టింది ఆర్డియా ఆల్బా, మధ్యలో దాన్ని కాస్మెరోడియస్‌లో వేసినవాళ్ళు ఆల్బస్ అని రాశారు, ఇప్పుడు మళ్ళీ ఆర్డియాలోకి తెచ్చి ఆల్బా అంటున్నారు, పాత పుస్తకంలో ఆల్బస్ కనబడితే అచ్చుతప్పు అనుకోకండి. అయితే ఇది విశేషణాలకే సుమండీ, సింహం ఒకప్పుడు ఫెలిస్ లియో, ఇప్పుడు పాంథెరా లియో, లియో నామవాచకం కాబట్టి ఎక్కడికి మార్చినా లియోనే.