చైనీయులు ‘ఓపెన్ ది లైట్’ అని ఎందుకంటారు, ఎలా దిద్దాలి?

మీ ప్రశ్న ఇది: ఆన్‌లైన్‌లో చైనా వాళ్లకు ఇంగ్లీషు చెబుతున్నారు. ఎన్నిసార్లు దిద్దినా ‘ఓపెన్ ది లైట్’, ‘ఓపెన్ ది టీవీ’ అనే అంటున్నారు. ఓపెన్ అనే ఈ ఒక్క క్రియను ఎలా నేర్పాలి అని.

నేను టీచర్ని కాను, ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. చైనాలోని సుజౌ నగరంలో ఒక ఫ్యాక్టరీలో నాలుగేళ్లు పనిచేశాను. వారానికి రెండు సాయంత్రాలు డ్యూటీ దిగాక అక్కడి టెక్నీషియన్లకు ఇంగ్లీషు చెప్పేవాణ్ని, వాళ్లు నాకు చైనీస్ నేర్పేవారు. ఈ ఓపెన్ సంగతి నాకు పాఠంలో కన్నా ముందు పనిలోనే ఎదురైంది.

చైనీస్‌లో ఖాయ్ అని ఒక క్రియ ఉంది. తలుపు తియ్యడం ఖాయ్ మన్. లైటు వెయ్యడం ఖాయ్ తంగ్. కారు నడపడం ఖాయ్ ఛ. మీటింగు పెట్టుకోవడం ఖాయ్ హ్వే. పువ్వు పూయడం ఖాయ్ హ్వా. డాక్టరు మందులు రాసివ్వడం ఖాయ్ యావ్, ఆపరేషన్ చెయ్యడం ఖాయ్ తావ్. మనసు విచ్చుకుంటే ఖాయ్ షిన్, అంటే సంతోషంగా ఉండటం. మరిగిన నీళ్లు ఖాయ్ ష్వే. మా ఫ్యాక్టరీలో వేడినీళ్లు పట్టుకునే గది తలుపు మీద ఇంగ్లీషులో ‘ఓపెన్ వాటర్ రూమ్’ అని రాసి ఉండేది. తైవాన్, హాంకాంగ్‌లలో ఇప్పటికీ వాడే పాత లిపిలో ఈ అక్షరానికి రెండు వైపులా తలుపు రెక్కలు కనిపిస్తాయి. చైనాలో సరళం చేసిన లిపిలో రెక్కలు పోయి లోపలి భాగం ఒక్కటే మిగిలింది. బడిలో మొదటిరోజు ఖాయ్ అంటే ఓపెన్ అని నేర్చుకున్న పిల్లవాడు ఆ తర్వాత ఇవన్నీ ఓపెన్ చేస్తూనే ఉంటాడు. అతని భాషలో అది నూటికి నూరుపాళ్లు ఒప్పు. ముందు ఆ మాట అతనికి చెప్పండి. తన తప్పు ఎక్కణ్నుంచి వస్తోందో తెలిసిన మనిషి సగం దూరం తనే నడుస్తాడు.

నిజానికి ఈ విషయంలో మన తెలుగు ఇంకా వింత. తలుపు వెయ్యి అంటే మూసెయ్యమని, లైటు వెయ్యి అంటే వెలిగించమని. తలుపు తియ్యి అంటే తెరవమని, లైటు తీసెయ్యి అంటే ఆర్పమని. (తెలంగాణలో చాలా ఇళ్లలో బంద్ చెయ్యి అంటారు, అది వేరే దారి.) చైనీస్‌లో తలుపుకూ లైటుకూ ఒకే క్రియ ఒకే వైపు నడుస్తుంది, మనకు అదే క్రియ ఎదురెదురుగా నడుస్తుంది. ఇది చెబితే నా విద్యార్థులు నమ్మలేదు. బోర్డు మీద బొమ్మలు గీసి చూపించాల్సి వచ్చింది. మీరూ చూపించండి. వస్తువు మారితే క్రియ అర్థం మారిపోతుందన్న సంగతి వాళ్లకు అక్కడే అందుతుంది.

ఇక ఫ్యాక్టరీలో జరిగింది. మా జట్టులో యాభై దాటిన ఒక పెద్ద టెక్నీషియన్ ఉండేవాడు. అందరం షిఫు అనే పిలిచేవాళ్లం, మన మేస్త్రీగారు లాంటి పిలుపు. ఒక కరెంటు ప్యానెల్‌లో తీగ కలిపే టెర్మినల్ బిగించాలి. నేను ప్యానెల్ దగ్గర, ఆయన దానికి కరెంటు ఆపే పెద్ద స్విచ్చి, అంటే బ్రేకర్, ఉన్న గదిలో. వాకీటాకీలో ‘ఓపెన్ ది బ్రేకర్’ అన్నాను. మా శాస్త్రంలో బ్రేకర్‌ను ఓపెన్ చెయ్యడమంటే లోపలి కాంటాక్టులు విడదీసి సరఫరా ఆపడం. ఓపెన్ సర్క్యూట్ అంటే తెగిన దారి, అందులో కరెంటు పారదు. ఆయన బ్రేకర్ చూశాడు. అది ఆన్‌లోనే ఉంది. ‘ఓకే, ఓపెన్’ అన్నాడు. నేను ‘ఓపెన్?’ అని మళ్లీ అడిగాను. ‘ఓపెన్, ఓపెన్’ అన్నాడు. స్పానర్ పెట్టే ముందు అలవాటుగా టెస్టర్ పెట్టాను. వెలిగింది.

ఆ రోజు నా చెయ్యి చాలాసేపు వణికింది. బ్రేకర్‌కు తాళం వేసి, తాళం చెవి జేబులో పెట్టుకోకుండా మాట మీద పనికి దిగడం నా తప్పు. కానీ మాట కూడా తప్పిందని ఆ రాత్రి ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. చైనీస్‌లో స్విచ్చిని ఖాయ్‌క్వాన్ అంటారు, అక్షరాలా తెరు-మూయు. ఖాయ్ వైపు ఉంటే కరెంటు ఉన్నట్టు. వాళ్ల వృత్తిలో బ్రేకర్‌కు వేరే మాటలున్నాయి: కాంటాక్టులు కలిపితే హ చా, విడదీస్తే ఫన్ చా. అవి షిఫుకు కొట్టినపిండి. నా నోట ఓపెన్ వినగానే మాత్రం ఆయన మనసు లైటు స్విచ్చి దగ్గరికే వెళ్లింది. మర్నాటి నుంచి మా జట్టులో బ్రేకర్ విషయంలో ఓపెన్, క్లోజ్ అనే మాటలు మానేశాం. ఆన్, ఆఫ్ మాత్రమే. దాంతోపాటు బ్రేకర్ ముఖం మీద కనిపించే గుర్తును నిలువు గీతా (ఆన్), సున్నానా (ఆఫ్) అని పైకి చదివి చెప్పాలి. మీ విద్యార్థుల్లో ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లుంటే ఈ ఒక్కటి దయచేసి మొదటి వారంలోనే చెప్పండి.

నేర్పే పద్ధతికి వస్తే, నాకు బాగా పనిచేసింది ఒక మామూలు టార్చిలైటు. బల్ల మీద పెట్టి ‘ఓపెన్ ది టార్చ్’ అనేవాణ్ని. అందరూ బటన్ నొక్కేవారు. నేను టార్చి తీసుకుని వెనక మూత తిప్పి విప్పి, బ్యాటరీలు బల్ల మీదకు దొర్లించేవాణ్ని. ‘ఇది ఓపెన్’ అని మళ్లీ బిగించి, బటన్ నొక్కి, ‘ఇది టర్న్ ఆన్’ అనేవాణ్ని. ఆ తర్వాత లాప్‌టాప్: మూత ఎత్తితే ఓపెన్, పవర్ బటన్ నొక్కితే టర్న్ ఆన్. ‘ఓపెన్ ది టీవీ’ అంటే వెనక స్క్రూలు విప్పమన్నట్టు వినిపిస్తుందని అప్పుడు ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలిసిపోయేది.

అక్కణ్నుంచి ఒక ప్రశ్న ఇవ్వండి: ఆ పని చేశాక లోపలికి దారి గానీ, లోపలిది కళ్లకు కనిపించడం గానీ ఉందా? తలుపు, సీసా, ఉత్తరం, పుస్తకం, కళ్లు, ఫోన్‌లో యాప్, కంప్యూటర్‌లో ఫైలు అన్నిటికీ ఉంది, కాబట్టి ఓపెన్. ఫ్యాను, ఏసీ, లైటుకు లేదు, కాబట్టి టర్న్ ఆన్ లేదా స్విచ్ ఆన్. బ్యాంకులో ఖాతాకు కూడా ఓపెన్ సరిపోతుంది. కుళాయి దగ్గర మాత్రం ఈ ప్రశ్న తడబడుతుంది. వాల్వును ఓపెన్ చేస్తారు, ఇంట్లో ట్యాప్‌ను మాత్రం టర్న్ ఆన్ అంటారు. కారణం వెతక్కుండా బట్టీ పట్టించాను. ఖాయ్‌తో వచ్చే మిగతా పనులకు జంట మాటలే నేర్పాలి: డ్రైవ్ ఎ కార్, హ్యావ్ ఎ మీటింగ్, డాక్టరు మందులకు ప్రిస్క్రైబ్. వీటికి సూత్రం లేదు, వాడుకే.

చివరగా, చాలామంది వదిలేసేది ఒకటుంది, అది మన వాళ్లకూ పనికొస్తుంది. కొట్టు తెరిచి ఉంది అనడానికి ‘ది షాప్ ఈజ్ ఓపెన్’. ఇక్కడ ఓపెన్ విశేషణం, చివర డ్ రాదు. మూసి ఉంది అనడానికి మాత్రం ‘ది షాప్ ఈజ్ క్లోజ్డ్’, డ్ కచ్చితంగా కావాలి. ఈ జంట సమానంగా ఉండదు. చైనీస్ క్రియ కాలాన్ని బట్టి రూపం మార్చుకోదు. అందుకే వాళ్లు ఒకసారి ‘ఈజ్ ఓపెన్డ్’ అంటారు, ఇంకోసారి ‘ఈజ్ క్లోజ్’ అంటారు. డ్ లేని ఆ మాటను విశేషణంగా పలికితే చివర జ్ పోయి స్ వస్తుంది, క్లోస్ అవుతుంది, దగ్గరగా ఉంది అనే అర్థం వస్తుంది. షిఫు ఒక ఆదివారం నన్ను నూడుల్స్ కొట్టుకు తీసుకెళ్తూ ‘ది షాప్ ఈజ్ క్లోస్’ అన్నాడు. మూసేసిందేమో, ఇంకెక్కడికైనా పోదామా అని అడిగాను. ఆయన వీధి మలుపు వైపు చెయ్యి చూపించాడు. కొట్టు పది అడుగుల దూరంలో ఉంది, తలుపులు బార్లా తీసి.