వంట వీడియోల కోసం గొలుసు కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా ఆయన జీతం 22,000. సర్వపిండి, పచ్చిపులుసు, జొన్నరొట్టె లాంటి మన వంటలు వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టాలని ఉంది. ఇప్పుడున్న ఫోన్‌తో తీస్తే కూర నల్లగా, కళ లేకుండా వస్తోంది. రెండు తులాల గొలుసు కుదువ పెట్టి 80,000 ఫోన్ కొనమని మా మరిది అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: వద్దమ్మా, గొలుసు బీరువాలోనే ఉండనివ్వండి. వీడియోలు మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి.

ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకున్నా 80,000 మీద నెలకు 800 పోతుంది, అసలు అట్లాగే ఉంటుంది, గడువులోగా కట్టలేకపోతే గొలుసు వేలానికి వెళ్తుంది, ఆలోగా ఆ ఫోన్ ధర కూడా పడిపోతుంది. ఆదాయమేమో మొదటి నెల నుంచే రాదు. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండి, గడిచిన 12 నెలల్లో మీ వీడియోలను జనం 4,000 గంటలు చూసి ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్ అనే చిన్న వీడియోలకు కోటి వ్యూస్ రావాలి. అప్పుడే యాడ్స్ డబ్బులో వాటాకు అప్లై చేసుకోగలరు. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బును నమ్ముకుని నెలనెలా వడ్డీ కట్టే అప్పు చేయకూడదు.

ఇక కూర నల్లగా రావడం. మీరు రాసినదాన్ని బట్టి లోపం ఫోన్‌లో కంటే వెలుతురులో ఉన్నట్టుంది. వంటింట్లో లైటు సాధారణంగా మన తల వెనకే ఉంటుంది, వంగి కలిపేటప్పుడు మన నీడే గిన్నెలో పడుతుంది. ఇంకో స్టవ్ ఉంటే కిటికీ పక్కకు మార్చండి, లేకపోతే పోపు, మరిగించడం పొయ్యి దగ్గర తీసి, తరగడం, కలపడం, చివరికి గిన్నెలో వడ్డించడం కిటికీ దగ్గర తీయండి. వెలుతురు పక్క నుంచి పడితే నూనె తేలిన మెరుపు, రొట్టె మీద కాలిన మచ్చలు బాగా కనిపిస్తాయి. ఎండ సూటిగా పడితే కిటికీకి పాత తెల్ల ధోతి కట్టండి. ట్యూబ్‌లైట్ ఆపేయండి, రెండు రకాల వెలుతురు కలిస్తే పసుపు, కారం రంగులు మారిపోతాయి. ముందు లెన్స్ తుడవండి, పోపు చిట్లి నూనె మరక పడితే అంతా మసకగా వస్తుంది. వెనక కెమెరా వాడండి, గిన్నె మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయండి, లేకపోతే ఆవిరి లేచినప్పుడల్లా అవి మారుతూ ఉంటాయి. స్టీలు గిన్నెలు అద్దంలా మెరుస్తాయి, ఇనుప మూకుడో మట్టి చట్టో అయితే కూర రంగు తేలుతుంది. ఎండాకాలం పొయ్యి పక్కన ఫోన్ వేడెక్కి రికార్డింగ్ ఆగిపోవచ్చు కాబట్టి కొంచెం దూరంగా పెట్టి, చిన్న చిన్న ముక్కలుగా తీయండి.

ఖర్చుకు 2,500 పక్కన పెట్టండి. అందులో ముందు ఒక గట్టి స్టాండ్, తర్వాత చిన్న కాలర్ మైక్. పోపు చిటపటలు బాగా వినిపిస్తేనే చూసేవాళ్లకు నోరూరుతుంది, అందుకే తీసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి. వీడియో కోసమని విడిగా వండకండి, ఆ రోజు ఇంట్లో తినేదే తీస్తే సరుకుల ఖర్చు పెరగదు. సబ్‌స్క్రైబర్లను అమ్ముతామనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వొద్దు, అట్లా వచ్చిన లెక్కను యూట్యూబ్ తీసేస్తుంది, ఛానల్ మీదకే రావచ్చు.

కొత్త ఫోన్ సంగతి వీడియోల డబ్బుతోనే చూద్దాం. అదీ మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉన్నాకే. మీ మరిదికి ఈ మాట చెప్పండి, ఆయన ఉత్సాహాన్ని ఎడిటింగ్‌కు వాడుకోండి, అది మీకు నిజంగా కావాల్సిన సాయం.

ఒక్కటి గుర్తుంచుకోండి, యూట్యూబ్ డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ ఖాతా మీ పేరు మీదే తెరవండి. కొంత ఆదాయం జమయ్యాక గూగుల్ యాడ్‌సెన్స్ వాళ్లు అడ్రస్ సరిచూడటానికి పోస్టులో పిన్ నంబర్ పంపుతారు, కాబట్టి ఇంటి నంబర్, పిన్‌కోడ్ తప్పు లేకుండా రాసి, అట్లాంటి కవర్ వస్తుందని మీ పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి పెట్టండి.