లోడు ట్రాలీ కడితే ట్రాక్టర్ ఎందుకు లాగదు?

ఖాళీగా బాగానే తిరిగే ట్రాక్టర్ లోడు ట్రాలీ కట్టగానే నీరసపడితే, ఎక్కువసార్లు కారణం ఇంజను అరిగిపోవడం కాదు, దానికి గాలో డీజిలో చాలకపోవడం. బరువు పడినప్పుడు డీజిల్ ఎక్కువ కావాలి, అది పూర్తిగా మండాలంటే సరిపడా గాలీ ఉండాలి. దట్టంగా నల్లపొగ వస్తుంటే ముందు గాలి దారి చూడండి. పొగ లేకుండానే ఆర్పీఎం (ఇంజను తిరిగే వేగం) పడిపోతుంటే డీజిల్ ఫిల్టర్ చూడండి.

కోవూరు వైపు కోతల్లో నాలుగు పుట్ల వడ్లు ఎత్తారనుకోండి. నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే ట్రాలీ బరువు కాక 3.4 టన్నులు. పెన్నా బ్రిడ్జి ఎక్కేసరికి నల్లపొగ. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ (ఇంజనుకు వెళ్లే గాలిలోని దుమ్మును ఆయిల్‌తో పట్టేది) గిన్నె విప్పితే అడుగున ఆయిల్, వడ్ల నుసి కలిసి నల్లటి ముద్ద! గిన్నెనూ పైన జాలీనీ డీజిల్‌తో కడిగి ఆరనిచ్చి, లోపలి గీత వరకే కొత్త ఆయిల్ పోయాలి. గీత దాటితే ఇంజను ఆ ఆయిల్‌ను లోపలికి పీల్చుకుంటుంది, అది చాలా ప్రమాదం.

'పంపు పెంచితే', అంటే డీజిల్ పంపు నుంచి ఇంజనుకు ఎక్కువ డీజిల్ వెళ్లేలా చేస్తే, 'లాగుతుంది' అని చాలామంది నమ్ముతారు. దయచేసి ఆ పని చేయించకండి. గాలి చాలనిచోట డీజిల్ పెంచితే పొగ, వేడి పెరిగి పిస్టన్లు దెబ్బతింటాయి.