నడిస్తే పిక్క పట్టేయడం నరాల బలహీనతేనా?

పర్లాకిమిడిలో ఉండే మీ నాన్నగారికి బజారు దాకా నడిస్తే పిక్క పట్టేస్తోందని, కాసేపు నిలబడితే తగ్గుతోందని రాశారు. ఇది నరాల బలహీనతలా లేదు. కాలి ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే సరిగ్గా ఇలాగే ఉంటుంది: నడిచేటప్పుడు కండరానికి రక్తం చాలదు, ఆగితే సరిపోతుంది. చుట్ట, బీడీ, షుగర్ దీనికి పెద్ద కారణాలు. మన వైపు ఆడవాళ్లు నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్టకూ మినహాయింపు లేదు.

పరీక్ష తేలికే. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తారు, 0.9 లేదా అంతకన్నా తక్కువొస్తే ధమని జబ్బే. షుగర్ ఉంటే ధమని గట్టిపడి అంకె మామూలుగానే కనిపించొచ్చు, అప్పుడు డాప్లర్ స్కాన్ చేయించండి.

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే మాత్రం తైలం రాస్తూ తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఆరు గంటలు దాటితే కాలు దక్కడం కష్టం.