అమీర్‌పేటలో ముందు హాస్టల్ మెట్లు చూడండి

ప్రశ్న: మా అమ్మాయికి బీటెక్ అయిపోయింది. జావా కోర్సు చేస్తానని, హైదరాబాద్‌లో అమీర్‌పేట పంపమని ఒకటే పట్టు. అక్కడ కాలు పెట్టే సందు ఉండదని, ఆడపిల్లను పంపొద్దని మా ఆడపడుచు అంటోంది. ఆ ఏరియా ఎలా ఉంటుంది? పంపమంటారా?
– ఒక తల్లి, కందుకూరు

జవాబు: పంపండమ్మా. మీ ఆడపడుచు గారు చెప్పిన రద్దీ నిజమే. పెళ్లయి పక్కనే ఉన్న బల్కంపేట వచ్చినప్పటి నుంచీ నేను ఆ రద్దీలోనే ఉంటున్నాను. అమీర్‌పేట సెంటర్‌లో మైత్రీవనం దగ్గర నాలుగడుగులు వేసేసరికి చేతినిండా పాంప్లెట్లు పడతాయి. ఒకే బిల్డింగులో కింద జిరాక్స్ షాపు, పైన ఇన్‌స్టిట్యూట్, ఆ పైన హాస్టల్. రెండు రాష్ట్రాల పిల్లలూ ఉద్యోగం కోసం ఇక్కడికే వస్తారు. రాత్రి క్లాసులు వదిలాక కూడా టిఫిన్ బండ్ల దగ్గర ఆడపిల్లలు కనిపిస్తూనే ఉంటారు. అందుకే రోడ్డు గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. నా భయమంతా గదుల గురించే.

సొంతిల్లుగా కట్టుకున్నవి చాలా హాస్టళ్లయ్యాయి. హాలును ప్లైవుడ్‌తో రెండు గదులు చేస్తారు. కిటికీ తీస్తే పక్కింటి గోడ చేతికి తగులుతుంది. ఫోన్లో ఫొటోలు చూసి అడ్వాన్స్ కట్టకండి. మీరే ఒకసారి రండి. మెట్లెక్కి చూడండి. మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు, బైకులు పెట్టి ఉంటే, దిగడానికి ఇంకో దారి లేకపోతే, భోజనం ఎంత బాగున్నా ఆ హాస్టల్ వద్దు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచినప్పుడు ఆరుగురు పిల్లలు పొగకు ఊపిరాడక పోయారు. ఉద్యోగం చేసుకోవడానికి జిల్లాల నుంచి వచ్చినవాళ్లే. అప్పటి నుంచి ఎవరడిగినా నేను ముందు మెట్ల సంగతే చెబుతున్నాను.

బాత్రూములో కుళాయి తిప్పండి. ఎంతమందికి ఎన్ని బాత్రూములో అక్కడ ఉంటున్న పిల్లల్నే అడగండి, వార్డెన్‌ను కాదు. త్రీ షేరింగ్ అని చెప్పి తర్వాత నాలుగో మంచం వేస్తారు, ఆ మాట కూడా ముందే తేల్చుకోండి.

కోర్సు ఫీజు మొదటిరోజే మొత్తం కట్టొద్దు. డెమో క్లాసులు ఉచితమే, రెండుమూడు చోట్ల కూర్చుని చూడమనండి. బోర్డు మీది పేరు కన్నా పాఠం చెప్పే మనిషి ముఖ్యం.

రావడం సులువే. మీ బస్సు ఎల్బీనగర్‌లో ఆగితే అక్కడే మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగొచ్చు, మారే పని లేదు. నాగోలు, రాయదుర్గం వెళ్లే రైళ్లు కూడా ఆ స్టేషన్లోనే దొరుకుతాయి కాబట్టి రేపు హైటెక్ సిటీలో ఇంటర్వ్యూ వచ్చినా ఇబ్బంది ఉండదు. గట్టి వాన పడితే మాత్రం మైత్రీవనం దగ్గర నీళ్లు నిలుస్తాయి. ఆ పూట గదిలోనే ఉండమని చెప్పండి.

వచ్చినప్పుడు బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లండి. అమ్మవారు నేలమట్టానికి కింద, బావిలో ఉంటారు. ఆషాఢంలో కల్యాణం రోజు తప్ప ఎప్పుడొచ్చినా ఫరవాలేదు. ఆ రోజు మా సందుల్లో ఆటో కూడా కదలదు, హాస్టళ్లు చూడటం అయ్యేపని కాదు.